లైనక్స్‌లో డయలప్ మోడెం: చిక్కు ఎక్కడ, విడదీసేదెలా

డయలప్ మోడెం రెండు వైపులా అనువాదం చేస్తుంది. కంప్యూటరు ఇచ్చే అంకెల్ని టెలిఫోను తీగ మోయగల ధ్వనిగా మారుస్తుంది, తీగ మీద వచ్చిన ధ్వనిని మళ్లీ అంకెలు చేస్తుంది. ఆ మోడెంకూ ఆపరేటింగ్ సిస్టంకూ మధ్య ఉండే దుబాసీయే డ్రైవరు. లైనక్స్‌లో ఈ దుబాసీ దొరకకపోవడం, దొరికినా సరిగా పలకకపోవడం 1998 ప్రాంతం నుంచి దాదాపు పదేళ్లపాటు వాడేవాళ్లను వేధించింది. అయితే "డ్రైవరు పనిచేయడం లేదు" అన్న ఒక్క ఫిర్యాదు కింద చాలా వేర్వేరు లోపాలు ఉండేవి. తీగ బాగోలేకపోవచ్చు, చిప్పును తప్పుగా గుర్తించి ఉండవచ్చు, డ్రైవరు మాడ్యూలు లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌తో కుదరకపోవచ్చు, పోర్టు తెరిచే అనుమతి లేకపోవచ్చు, చివరికి పాస్‌వర్డులో ఒక అక్షరం తప్పయి ఉండవచ్చు. వీటిని వేరు చేసుకోకుండా డ్రైవరు మీద డ్రైవరు మార్చుకుంటూ పోవడంలోనే ఎక్కువ కాలం వృథా అయ్యేది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా వచ్చింది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకూ అనుమతి దొరికింది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడ్డాక సంచార్‌నెట్ ఖాతాకు 172222, ఖాతా అక్కర్లేకుండా ఫోను బిల్లులోనే రుసుము పడే నెట్‌వన్‌కు 172233 నంబర్లు వాడుకలోకి వచ్చాయి. లోకల్ కాల్ ధరకే కలిసే ఈ నంబర్ల వల్ల జిల్లా కేంద్రం దాటి మండల కేంద్రాల్లోనూ ల్యాండ్‌లైను ఉన్న ఇంట్లో ఇంటర్నెట్ సాధ్యమైంది.

కారేపల్లి అలాంటి మండల కేంద్రం. ఖమ్మం జిల్లా సింగరేణి మండలానికి ఇదే ముఖ్య ఊరు. డోర్నకల్ నుంచి కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోయే రైలు మార్గంలో ఇల్లెందు వైపు లైను చీలే జంక్షను. ఒకవైపు ఖమ్మం మైదానం, మరోవైపు ఇల్లెందు, కొత్తగూడెం, భద్రాచలం అడవి. ఇలాంటి చోట మోడెం సమస్యకు నగరంలో లేని ఒక ముడి అదనంగా పడేది. డ్రైవరు ఇంటర్నెట్‌లో ఉంటుంది, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవరు కావాలి. రెండో కంప్యూటరు గానీ రెండో కనెక్షను గానీ దగ్గర్లో లేనప్పుడు ఆ ఫైలు ఖమ్మంలోని ఇంటర్నెట్ సెంటర్లో దింపుకుని, 1.44 ఎంబీ ఫ్లాపీలోనో సీడీలోనో ఇంటికి చేర్చాల్సి వచ్చేది. ఒక్క ఫైలు తక్కువైనా మళ్లీ బస్సెక్కాల్సిందే. కాబట్టి బయల్దేరక ముందే ఏ చిప్పు, ఏ కెర్నెలు అన్నది తేల్చుకోవడం ఇక్కడ తప్పనిసరి అయ్యేది.

తీగతో మొదలుపెట్టాలి. ఎక్స్చేంజి మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లుగా రాస్తుంది. అంటే 64 కిలోబిట్లు. 1998లో స్థిరపడిన వీ.90 ప్రమాణం ఇందులో 56 కిలోబిట్ల దాకా వాడుకోగలదు. కానీ దానికి ఒక షరతు ఉంది: ఇంటర్నెట్ సంస్థ నుంచి ఇంటి దాకా వచ్చే దారిలో అంకెలు ధ్వనిగా మారే చోటు ఒక్కటే ఉండాలి. మధ్యలో మరోసారి మారితే వీ.34 వేగానికి, అంటే గరిష్ఠంగా 33.6 కిలోబిట్లకు దిగిపోతుంది. 1984లో ఏర్పడ్డ సీ-డాట్ రూపొందించిన చిన్న ఎలక్ట్రానిక్ ఎక్స్చేంజీలు పల్లెలకు ఫోను తెచ్చాయి. కానీ అక్కడి నుంచి ఇంటికి వచ్చే డ్రాప్‌వైరు పొడవు, స్తంభాల దగ్గర అతుకులు, వానకు తడిసిన జాయింట్లు మోడెం వేగాన్ని నిర్ణయించేవి. అడవి గ్రామాల్లో రేడియో ద్వారా నడిచిన ఎం.ఎ.ఆర్.ఆర్. పబ్లిక్ ఫోన్ల మీద మోడెం నిలవడమే కష్టం. 33.6 వేగం నిలకడగా వచ్చినా ఒక ఎంబీకి నాలుగు నిమిషాల పైమాటే. 700 ఎంబీ లైనక్స్ సీడీ మొత్తం దించాలంటే రెండు రోజులు, రాత్రీ పగలూ, లైను ఒక్కసారీ తెగకూడదు. అందుకే కొత్త లైనక్స్ ఊళ్లకు ఎక్కువగా పత్రికలతో వచ్చే సీడీల ద్వారా చేరేది. పీసీక్వెస్ట్ పత్రిక ఇచ్చిన సీడీలు ఈ విషయంలో చేసిన మేలు చిన్నది కాదు.

తీగను పరీక్షించడానికి సాఫ్ట్‌వేరుతో పని లేదు. మామూలు ఫోను తగిలించి, రిసీవరు ఎత్తి, ఏదో ఒక అంకె నొక్కితే డయల్ టోను ఆగిపోతుంది. ఆ తర్వాతి నిశ్శబ్దంలో చెవి పెట్టి వినాలి. గరగర, టపటప, కరెంటు హమ్ము వినిపిస్తే లోపం కంప్యూటరులో లేదు. పక్కగదికి లాగిన పారలల్ ఫోను తీసేసి మళ్లీ వినాలి. చాలాసార్లు దోషి ఆ రెండో ఫోనే. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గుతో పాటు ఫోను తీగ కూడా పీకేయాలి. ఫోను తీగ వెంట వచ్చిన పిడుగు దెబ్బకు మోడెం పోయాక ఏ డ్రైవరూ దాన్ని లేపలేదు.

తీగ బాగుందని తేలాక చూడాల్సింది మోడెం రకం. ఈ మొత్తం వ్యవహారానికి కీలకం ఇక్కడే ఉంది. మోడెం లోపల పని రెండు భాగాలు. ఒకటి ఆజ్ఞలు అందుకుని, తప్పులు సరిచేసి, సమాచారాన్ని కుదించే కంట్రోలరు. రెండోది ధ్వని తరంగాల లెక్కలు చేసే సిగ్నల్ ప్రాసెసరు. ఈ రెండూ తనలోనే ఉన్నది పూర్తి మోడెం. సీరియల్ పోర్టుకు బయట తగిలించే పెట్టెలన్నీ దాదాపు ఈ రకమే. 1981లో హేస్ సంస్థ స్మార్ట్‌మోడెంతో తెచ్చిన "ఏటీ" ఆజ్ఞల భాషలో ఇది మాట్లాడుతుంది. లైనక్స్‌కు సీరియల్ పోర్టు తెలిస్తే చాలు, వేరే డ్రైవరు అవసరం లేదు.

కంట్రోలరు పనిని కంప్యూటరు ప్రాసెసరు మీద పడేసి, సిగ్నల్ ప్రాసెసరును మాత్రం కార్డులో ఉంచుకున్నది రెండో రకం. లూసెంట్ సంస్థ ఎల్‌టీ చిప్పులు ఇలాంటివి. రెండు పనులూ కంప్యూటరు మీదే వేసి, కార్డులో తీగకు అతుక్కునే భాగం మాత్రమే మిగిల్చింది మూడో రకం. కోనెక్సాంట్ హెచ్ఎస్ఎఫ్, పీసీటెల్, స్మార్ట్‌లింక్, మోటొరోలా ఎస్ఎం56 ఈ కోవలోవి. ల్యాప్‌టాపుల్లో సౌండ్ చిప్పుకు తోకలా ఉండే మోడెంలూ అంతే. ఈ రెండు రకాలనూ కలిపి జనం "విన్‌మోడెం" అనేవారు. నిజానికి ఆ పేరు యూఎస్ రోబోటిక్స్ సంస్థ ట్రేడ్‌మార్కు.

విన్‌మోడెం చవక కావడానికి కారణం అందులో సగం మోడెం లేకపోవడమే. ఆ లేని సగమే డ్రైవరు. అందులో ఉన్నది మామూలు పరికరపు డ్రైవరులా నాలుగు రిజిస్టర్లు చదివే కోడు కాదు, వీ.34, వీ.90 గణితమంతా. దాన్ని తయారీదార్లు వ్యాపార రహస్యంగా ఉంచుకుని విండోస్‌కు మాత్రమే రాసిచ్చారు. చిప్పు వివరాలు బయటపెట్టకపోవడంతో స్వచ్ఛందంగా రాసేవాళ్లకు కూడా దారి మూసుకుపోయింది. తర్వాత క్యూఈము, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లతో పేరు తెచ్చుకున్న ఫాబ్రిస్ బెల్లార్ ఆ గణితాన్ని సొంతంగా, ఓపెన్‌సోర్సుగా రాసే ప్రయత్నం చేశాడు. అది సాధ్యమేనని చూపింది గానీ రోజువారీ వాడకానికి చేరలేదు. ఐబీఎం మాత్రం థింక్‌ప్యాడ్ 600 వంటి ల్యాప్‌టాపుల్లోని ఎంవేవ్ మోడెంకు డ్రైవరును ఓపెన్‌సోర్సుగా విడుదల చేసింది, అది కెర్నెల్‌లో చేరింది. మిగిలిన సంస్థలు కూడా ఆ పని చేసి ఉంటే ఈ వ్యాసంలో సగం భాగం అవసరమే ఉండేది కాదు.

మిగతా డ్రైవర్లు సగం తెరిచి, సగం మూసి వచ్చాయి. గుండెకాయ లాంటి గణితం యంత్రభాషలో మూసిన ఫైలుగా ఉండేది. దాని చుట్టూ కెర్నెల్‌కు అతికించే పల్చటి పొర మాత్రం సోర్సుగా ఇచ్చేవారు. లూసెంట్ వారి ఎల్‌టీమోడెం అలాంటిదే. దాని పోర్టు పేరు టీటీవైఎల్‌టీఎం0. తర్వాత వచ్చిన మార్షియన్ డ్రైవరు అదే మూసిన ముక్కను కెర్నెల్ బయటికి తెచ్చి నడిపింది. స్మార్ట్‌లింక్ వారి ఎస్ఎల్‌మోడెం తర్వాతి వెర్షన్లలో లెక్కల భాగాన్ని మామూలు ప్రోగ్రాముగా, కెర్నెల్ వెలుపల నడిపేది. ఏసీ97 సౌండ్ చిప్పు మోడెంలను లైనక్స్ ధ్వని వ్యవస్థ అల్సా ద్వారా వాడుకోగలిగింది కూడా ఇదే. ల్యాప్‌టాపు వాడేవాళ్లకు చివరిదాకా అక్కరకు వచ్చిన డ్రైవరు ఇదేనని చెప్పవచ్చు. కోనెక్సాంట్ చిప్పులకు లైనక్సెంట్ సంస్థ డ్రైవరు అమ్మేది. ఉచిత వెర్షను 14.4 కిలోబిట్ల దగ్గర ఆగిపోయేది, పూర్తి వేగానికి లైసెన్సు కొనాలి.

ఈ లైనక్సెంట్ చుట్టూ 2004 ఏప్రిల్‌లో ఒక వివాదం నడిచింది. మూసిన మాడ్యూలు ఎక్కితే కెర్నెల్ తనను తాను "కళంకితం"గా గుర్తు పెట్టుకుని హెచ్చరిక రాస్తుంది. లైనక్సెంట్ మాడ్యూలులోని లైసెన్సు వాక్యంలో "జీపీఎల్" (కెర్నెల్ వాడే ఓపెన్‌సోర్సు లైసెన్సు పేరు) అన్న మాట తర్వాత ఒక శూన్య అక్షరం ఉంది. అక్షరాలను వరుసగా చదివే కెర్నెల్ ఆ శూన్యం దగ్గర ఆగిపోయి, మాడ్యూలు మొత్తం జీపీఎల్ అనుకునేది. హెచ్చరికలు పదేపదే కనబడి వాడేవాళ్లు కంగారు పడకుండా అలా చేశామని సంస్థ వివరణ ఇచ్చింది. ఆ హెచ్చరిక అలంకారానికి పెట్టింది కాదు. కెర్నెల్ కుప్పకూలితే కారణం వెతికేవాళ్లకు మూసిన కోడు లోపల ఉందని చెప్పే గుర్తు అది. దాన్ని దాచడం సమర్థించదగ్గ పని కాదు.

ఇక చిప్పు గుర్తింపు దగ్గర జరిగే తప్పు ఎక్కువగా పెట్టె మీద పేరు నమ్మడం. ఒకే బ్రాండు పేరుతో వేర్వేరు చిప్పుల కార్డులు అమ్మేవారు. నమ్మాల్సింది "ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్" ఆజ్ఞ చూపే అంకెల జంటను: మొదటిది తయారీదారు, రెండోది చిప్పు. లూసెంట్ అయితే 11సీ1, కోనెక్సాంట్ అయితే 14ఎఫ్1. సౌండ్ చిప్పుకు అతుక్కున్న మోడెంల విషయంలో ఇదీ చాలదు. అక్కడ కనిపించేది ఇంటెల్ కంట్రోలరు, అసలు మోడెం దాని వెనుక ఉన్న కోడెక్. ఈ వెతుకులాటంతా ఒక్కచోట చేసి ఫలితాన్ని ఫైలుగా రాసిచ్చే స్కాన్‌మోడెం స్క్రిప్టు, విన్‌మోడెంలను లైనక్స్‌లో నడిపించే పనిలో ఉన్న లిన్‌మోడెమ్స్ బృందం చేసిన గొప్ప సేవ. దాని ఫైలు ఒక ఫ్లాపీలో చాలా మిగులుతో పడుతుంది.

తర్వాతి గండం కెర్నెల్ వెర్షను. మాడ్యూలును ఏ కెర్నెల్ కోసం కంపైల్ చేశారో, నడుస్తున్నది సరిగ్గా అదే అయి ఉండాలి. "యూనేమ్ -ఆర్" చూపే మాటలో చివరి గీత తర్వాతి అంకె తేడా వచ్చినా మాడ్యూలు ఎక్కనని మొండికేస్తుంది. అప్పుడు "ఇన్వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అంటుంది, అసలు కారణాన్ని "డీమెస్‌జీ" చివరి వరుసల్లో చెబుతుంది. ఆ మొండితనాన్ని బలవంతపు ఎక్కింపుతో దాటడం మంచిది కాదు, కంప్యూటరు బిగుసుకుపోవచ్చు. మాడ్యూలు కంపైల్ చేయడానికి నాలుగు కావాలి: జీసీసీ, మేక్, అదే కెర్నెల్ హెడర్లు, డ్రైవరు సోర్సు. డ్రైవరొక్కటే ఫ్లాపీలో తెచ్చుకుని, హెడర్లు లేవని కంపైలరు చెప్పాక తల పట్టుకోవడం ఊళ్లలో మామూలుగా జరిగేది. హెడర్లు చాలావరకు ఇన్‌స్టాలేషన్ సీడీల్లోనే ఉండేవి, ముందు అక్కడ వెతకాలి. 2003 డిసెంబరులో కెర్నెల్ 2.6 వచ్చి మాడ్యూళ్ల పద్ధతి మారడంతో 2.4 నాటి డ్రైవర్లు చాలావరకు అక్కడే ఆగిపోయాయి. 2004లో ఫెడోరా కోర్ 2 కెర్నెల్ స్టాకును 4 కేబీకి కుదించినప్పుడు ఎక్కువ స్టాకు మీద ఆధారపడ్డ మూసిన డ్రైవర్లు దెబ్బతిన్నాయి. 64 బిట్ల కంప్యూటర్లు వచ్చాక ఎస్ఎల్‌మోడెంలోని మూసిన ముక్క 32 బిట్లదే కావడంతో, దాని డెమన్‌ను (తెర వెనుక నడిచే ప్రోగ్రామును) ప్రత్యేకంగా 32 బిట్లకు కట్టాల్సి వచ్చింది. ఓపెన్‌సోర్సు డ్రైవరైతే ఇలాంటి మార్పులన్నీ కెర్నెల్ రాసేవాళ్లే దిద్దేవారు. మూసిన ఫైలును దిద్దే చెయ్యి లేదు.

మాడ్యూలు ఎక్కింది, అయినా మోడెం పలకడం లేదంటే పోర్టు చూడాలి. విండోస్‌లో కామ్1 అన్నది లైనక్స్‌లో టీటీవైఎస్0, కామ్2 అన్నది టీటీవైఎస్1. ఈ ఒకటికీ సున్నాకూ తేడా మరిచిపోవడం వల్ల పడిన తిప్పలు లెక్కలేనన్ని. పాత ఐఎస్ఏ కార్డులైతే జంపర్లతో పెట్టిన అడ్రసు, ఐఆర్‌క్యూ "సెట్‌సీరియల్" చూపే అంకెలతో కలవాలి. ఐఆర్‌క్యూ తప్పయితే ఒక వింత లక్షణం కనిపిస్తుంది: "ఏటీ" అని కొడితే జవాబు రాకపోవడం కాదు, పది ఇరవై సెకన్ల తర్వాత ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ నత్తనడకను లైను లోపమనుకోకూడదు. 16 అక్షరాలు దాచుకోగల 16550ఏ పోర్టు లేని పాత కంప్యూటర్లలో వేగం పెంచితే అక్షరాలు రాలిపోతాయి. రూట్‌గా కలిసి, మామూలు వాడుకరిగా కలవకపోతే అది అనుమతి సమస్య. వాడుకరిని "డయలవుట్" గుంపులో చేర్చాలి. పోర్టు ఖాళీగా లేదంటే, అర్ధాంతరంగా ఆగిన ప్రోగ్రాము వదిలిన తాళం ఫైలు "వార్ లాక్"లో ఉందేమో చూడాలి.

పోర్టు పరీక్షకు మినీకామ్ చాలు. "ఏటీ" కొడితే "ఓకే" రావాలి. వచ్చిందంటే పోర్టు బాగుంది, మోడెం ఆజ్ఞలు అందుకుంటోంది. పూర్తి మోడెంలో ఇకపై జరిగే తప్పేదీ డ్రైవరు తప్పు కాదు; విన్‌మోడెంలో మాత్రం ధ్వని లెక్కలు డ్రైవరువే కాబట్టి దాన్ని పూర్తిగా వదిలేయలేం. ఈ ఒక్క హద్దు తెలిసినవాళ్లకు సగం శ్రమ తప్పేది.

డయలింగులో మొదట ఎదురయ్యేది "నో డయల్‌టోన్". చెవికి టోను వినిపిస్తున్నా మోడెం అలా అంటుందంటే, అది ఎదురుచూసే టోను వేరు, మన ఎక్స్చేంజి ఇచ్చే టోను వేరు. ఆరంభ ఆజ్ఞలో "ఏటీఎక్స్3" చేరిస్తే టోను కోసం ఆగకుండా డయల్ చేస్తుంది, బిజీ మాత్రం గుర్తుపడుతుంది. మన దేశంలో ఈ నాలుగక్షరాలు పరిష్కరించినన్ని "మోడెం సమస్యలు" ఇంకేవీ పరిష్కరించలేదంటే అతిశయోక్తి కాదు. పల్స్ ఎక్స్చేంజి అయితే "ఏటీడీటీ" బదులు "ఏటీడీపీ" వాడాలి. అవతలి మోడెం కూత వినిపించి, చాలాసేపు పెనుగులాడి "నో క్యారియర్" వస్తే లైను ఆ వేగాన్ని మోయలేకపోతున్నదని అర్థం. లూసెంట్, కోనెక్సాంట్ చిప్పుల్లో "ఏటీ+ఎంఎస్=వీ34" అని వీ.90 మానిపిస్తే, ఎప్పుడూ కలవని 56 కంటే ఎప్పుడూ తెగని 28.8 దక్కుతుంది. కలిశాక మధ్యలో తెగుతుంటే ఎస్10 రిజిస్టరు విలువ పెంచాలి. కాల్ వెయిటింగ్ బీప్ వల్ల తెగుతుంటే ఆ సదుపాయాన్ని ఆపించుకోవాలి.

తర్వాతిది పీపీపీ, అంటే ఫోను కాల్‌ను ఇంటర్నెట్ కనెక్షన్‌గా మార్చే పొర. డబ్ల్యూవీడయల్, కేపీపీపీ రెండూ లోపల నడిపేది పీపీపీడీనే, కాబట్టి చదవాల్సింది సిస్టం లాగులో అది రాసే వరుసలు. పాస్‌వర్డు తప్పయితే అది సూటిగానే చెబుతుంది. అడిగినదానికి అవతలి నుంచి జవాబే రాలేదని రాస్తే లాగిన్ పద్ధతి తేడా. డబ్ల్యూవీడయల్‌లో "స్టుపిడ్ మోడ్" పెడితే లాగిన్ ప్రశ్నల కోసం ఆగకుండా నేరుగా పీపీపీ మొదలుపెడుతుంది. మన సర్వీసుల్లో ఎక్కువగా పనిచేసింది ఇదే. అన్నీ కలిసి, అడ్రసు వచ్చి, ఒక్క పేజీ తెరుచుకోకపోతే రెండు చోట్ల చూడాలి. మొదటిది డీఎన్ఎస్: "యూజ్‌పీర్‌డీఎన్ఎస్" పెట్టకపోతే పేర్లు అడ్రసులుగా మారవు. రెండోది డిఫాల్ట్ రూటు: కంప్యూటరులో నెట్‌వర్కు కార్డు ఉండి దానికి ముందే రూటు రాసి ఉంటే, పీపీపీడీ ఆ రూటును మార్చనని లాగులో ఒక వరుస రాసి ఊరుకుంటుంది. ఎవరూ చదవని ఆ వరుస కోసం మోడెం కార్డులే మార్చినవాళ్లున్నారు.

యూఎస్‌బీ మోడెంలలో ఏసీఎం ప్రమాణం పాటించినవి సీడీసీ-ఏసీఎం అనే కెర్నెల్ మాడ్యూలుతో టీటీవైఏసీఎం0గా వెంటనే కనిపిస్తాయి. డయలప్ తగ్గాక వచ్చిన మొబైల్ డాంగిళ్లు కూడా ఈ వంశమే. ముందు సీడీ డ్రైవులా కనిపించే వాటిని యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ మోడెంగా మారుస్తుంది. అప్పుడు టీటీవైయూఎస్‌బీ0 పోర్టు మీద అదే ఏటీ భాష, అదే పీపీపీడీ. జీఎస్ఎం అయితే "*99#", సీడీఎంఏ అయితే "#777" డయల్ చేస్తే సరిపోయేది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ మొదలైనా, ఎక్స్చేంజికి నాలుగైదు కిలోమీటర్లు దాటితే డీఎస్ఎల్ నిలవదు. అడవి అంచు ఊళ్లకు తర్వాతి మెట్టు అయింది ఈ డాంగిలే. డయలప్‌తో కుస్తీ పట్టి నేర్చినదంతా అక్కడ మళ్లీ పనికొచ్చింది.

పాత కంప్యూటరుకు, ఫ్యాక్సుకు, దూరంగా ఉన్న మీటరుకు ఇంకా మోడెం కావాల్సినవాళ్లకు ఇవ్వదగ్గ సలహా ఒక్కటే: దొరికితే బయట తగిలించే సీరియల్ మోడెం కొనాలి. అది దొరక్కపోతే ఏసీఎం ప్రమాణం పాటించే యూఎస్‌బీ మోడెం. ఆ రోజుల్లో విన్‌మోడెం కార్డు చవకగా కనిపించినా, ఖమ్మం ప్రయాణాలు, పోయిన సాయంత్రాలు కలుపుకుంటే అదే ఖరీదైంది. కెర్నెల్ 2.4 కోసం కట్టిన ఎల్‌టీమోడెం మాడ్యూలు నేటి కెర్నెల్‌లో ఎక్కదు. అదే కాలం నాటి సీరియల్ మోడెం మాత్రం ఈ రోజు తగిలించి "ఏటీ" అన్నా, ఒక్క ఫైలు కూడా అడగకుండా "ఓకే" అంటుంది.